ఇండక్షన్ స్టవ్ మీద అన్నీ మాడిపోతున్నాయా? ముందు ఆ అంకెను నమ్మడం మానండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఏళ్ళ తరబడి గ్యాస్ మీద వండి, ఈ మధ్యే ఇండక్షన్ స్టవ్‌కి మారారు. ఉల్లిపాయలు వేయిస్తే నడిమధ్య మాడుతున్నాయి, అంచుల్లో పచ్చిగానే ఉంటున్నాయి. పాలు అడుగంటుతున్నాయి. సిమ్‌లో పెడదామంటే ఏ నంబరు సిమ్ అనుకోవాలో తెలియడం లేదు. ఉన్న గిన్నెల్లో సగం పనిచేయడం లేదు, పనిచేసేవాటిలో ఒకటి గుయ్యిమని మోగుతోంది. లోపం స్టవ్‌లో ఉందా, మీ చేతిలో ఉందా అని అడిగారు.

రెండింటిలోనూ లేదండి. గ్యాస్ మీద మీరు వేడిని కంటితో కొలిచేవారు. నాబ్ ఎంత తిప్పామన్నది ఎవరికీ గుర్తుండదు. కాస్త వంగి మంట ఎంత ఎత్తుందో చూసి, ఇది చాల్లే అనుకుంటాం. ఇక్కడ మంట లేదు, దాని స్థానంలో ఒక అంకె ఉంది. సహజంగానే మనం ఆ అంకెను మంటలా చదవబోతాం, తేడా అక్కడే వస్తుంది. 5 అంటే గిన్నెలోకి ఎంత పవర్ పంపుతోందో చెబుతుంది, అంతే. గిన్నె ఎంత వేడిగా ఉందో చెప్పదు. మూడు లీటర్ల నీళ్ళున్న గిన్నె కింద 5 అంటే నిదానంగా వేడెక్కడం. చెంచాడు నూనె ఉన్న పల్చటి పెనం కింద అదే 5 అంటే కాసేపట్లో పొగలు.

లోపల జరిగేది తెలిస్తే మిగతాదంతా సులువు. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకు 20 వేల సార్లకు పైగా అటూ ఇటూ ఊగే కరెంటు ప్రవహిస్తుంది. దాని అయస్కాంత క్షేత్రం గాజును దాటి గిన్నె అడుగుకు తగిలి, ఆ లోహంలోనే చిన్న చిన్న సుడి కరెంట్లను పుట్టిస్తుంది. వేడి పుట్టేది అక్కడే, అంటే గిన్నె అడుగులో. గాజు తనంతట తాను వేడెక్కదు, గిన్నె నుంచి దానికి వేడి ఎక్కుతుంది. 1950ల్లో అమెరికాలో ఈ పొయ్యిని ప్రదర్శనకు పెట్టినప్పుడు స్టవ్‌కీ గిన్నెకీ మధ్య వార్తాపత్రిక పరిచి నీళ్ళు కాచి చూపించేవాళ్ళు. మీరు మాత్రం ఇంట్లో ఆ ప్రదర్శన చేయకండి, గిన్నె బాగా వేడెక్కితే కాగితం అంటుకుంటుంది.

దీనివల్ల రెండు మార్పులు వస్తాయి. మొదటిది వేగం. గ్యాస్ మంటలో సాధారణంగా సగానికి పైగా వేడి గిన్నె పక్కల నుంచి గాలిలోకే పోతుంది. ఇండక్షన్‌లో సుమారు 85 శాతం గిన్నెలోకే వెళుతుంది. ఒక లీటరు నీళ్ళు 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు రావాలంటే 314 కిలోజౌళ్ళ శక్తి కావాలి. 2000 వాట్ల స్టవ్ మీద మూత పెడితే మూడు నిమిషాల చిల్లర.

నీళ్ళకు ఇది వరం. ఖాళీ పెనానికి ఇదే ప్రమాదం. కిలో బరువున్న స్టీల్ పెనాన్ని అదే ఫుల్ పవర్ మీద పెట్టారనుకోండి. స్టీల్‌కు వేడిని దాచుకునే శక్తి నీటిలో ఎనిమిదో వంతే. లెక్క వేస్తే ఒక్క నిమిషంలో అది దగ్గర దగ్గర 200 డిగ్రీలు పెరుగుతుంది. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. అంటే పెనం పెట్టి, ఫుల్‌లో ఆన్ చేసి, ఫ్రిజ్ తెరిచి ఉల్లిపాయలు వెతికేలోపు పూత పోయే దశకు వచ్చేస్తుంది. గ్యాస్ మీద ‘పెనం కాలేలోపు కూరగాయలు తరుగుదాం’ అన్న అలవాటు చేతిలో ఇంకిపోయి ఉంటుంది. ఇక్కడ వరస తిప్పాలి. తరగడం, కడగడం, దినుసులన్నీ పక్కన పెట్టుకోవడం ముందు. ఆన్ చేయడం ఆ తర్వాతే. నన్నడిగితే కొత్తగా మారినవాళ్ళు మార్చుకోవాల్సిన అలవాట్లలో ఇదే మొట్టమొదటిది.

రెండోది, పక్కల వేడి లేకపోవడం. గ్యాస్ మంట గిన్నె అంచుల మీదుగా పైకి పాకి గోడలను కూడా వేడి చేస్తుంది. ఇండక్షన్‌లో అడుగు ఒక్కటే వేడెక్కుతుంది, గోడలకు దాని నుంచే చేరాలి. అందుకే లోతైన గిన్నెలో చిక్కటి పదార్థం ఏదైనా ఉంటే పైన చల్లగా, కింద మాడుతూ ఉంటుంది. చిక్కగా ఉన్నవాటిని గ్యాస్ మీదకన్నా ఎక్కువసార్లు అడుగు నుంచి కలపాలి, పవర్ తగ్గించాలి. పలచటివాటికి ఈ బాధ లేదు, అవి మరిగితే వాటంతట అవే కలుస్తాయి.

ఇప్పుడు మీ ఉల్లిపాయల సంగతి. 1 నుంచి 9 దాకా అంకెలున్న స్టవ్ అనుకుంటే, పెనం పెట్టి 4లో ఆన్ చేయండి. రెండు మూడు నిమిషాలు అలాగే వదిలేయండి. అంకె పెంచాలని చెయ్యి లాగుతుంది, పెంచకండి. ఆ సమయం వేడి అడుగు మధ్య నుంచి అంచులకు పాకడానికి. తర్వాత నూనె వేసి పెనాన్ని కాస్త వంచి చూడండి. నూనె నీళ్ళలా తేలిగ్గా జారి, పైన సన్నటి అలలు కనిపిస్తే సరిపోయినట్టు. ఒక ఉల్లి ముక్క వేయండి. చుట్టూ చిన్న బుడగలు వచ్చి సన్నగా ‘సుయ్’మంటే మిగతావి వేసేయొచ్చు. వేసీ వేయగానే చిటపటలాడి అంచు గోధుమ రంగుకు తిరిగిందంటే ఎక్కువైనట్టు. అలాంటప్పుడు అంకె తగ్గించి ఊరుకుంటే చాలదు, అరనిమిషం పెనాన్ని పక్కకు తీయండి. మందపాటి పెనమైతే పవర్ తగ్గినా లోహంలో దాచుకున్న వేడి వెంటనే పోదు.

ఉల్లిపాయలన్నీ వేశాక పెనం చల్లబడుతుంది, వాటిలో నీళ్ళు ఎక్కువ కదా. అప్పుడు 6కి పెంచండి. చప్పుడు వింటూ ఉండండి. నీళ్ళున్నంతసేపూ అది బుసబుసమని గట్టిగా ఉంటుంది. నీళ్ళు ఇంకిపోతున్నకొద్దీ సన్నబడి పొడిగా మారుతుంది. సరిగ్గా ఆ మార్పు దగ్గర 4కి దించాలి. గ్యాస్ మీద ఈ దశలో నిమిషం ఆలస్యమైనా పెద్దగా తేడా రాదు, ఇక్కడ వస్తుంది. మంట పోయిందని దిగులు పడేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: ఇకమీద మీ కొలమానం చెవి. గ్యాస్ చప్పుడు లేని వంటగదిలో గిన్నె చప్పుడు చాలా స్పష్టంగా వినిపిస్తుంది.

మధ్యలో మాడి అంచులు పచ్చిగా ఉండటానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. గాజు మీద గీసిన వృత్తాన్ని చూసి కింద తీగ చుట్ట కూడా అంతే ఉంటుందనుకుంటాం. చాలా స్టవ్‌లలో, ముఖ్యంగా బల్ల మీద పెట్టుకునే చిన్నవాటిలో, అది వృత్తం కన్నా బాగా చిన్నది. తెలుసుకోవడం తేలిక. వెడల్పాటి పెనంలో సెంటీమీటరు లోతు నీళ్ళు పోసి మధ్యస్థంగా ఆన్ చేసి, మొదటి బుడగలు ఎక్కడ లేస్తాయో చూడండి. ఉంగరంలా ఒక వలయంలో లేస్తాయి. ఆ వలయం ఎంత ఉందో మీ స్టవ్ అసలు సైజు అంతే. దానికన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువున్న పెనం బాగానే పనిచేస్తుంది. మరీ వెడల్పాటి పెనం పెడితే అంచులు ఎప్పటికీ వెనకబడే ఉంటాయి. అది మీ చేతి తప్పు కాదు.

ఆ నీళ్ళు ఎలాగూ పెట్టారు కాబట్టి సిమ్‌ను కూడా అందులోనే వెతకండి. నీళ్ళు మరిగాక ఒక్కో అంకె దించుతూ, ఒక్కో చోట నిమిషం పైగా ఆగి చూడండి. ఎక్కడ పెద్ద మరుగు ఆగి, అంచుల్లో అప్పుడో బుడగ ఇప్పుడో బుడగ లేస్తుందో అదే మీ గిన్నెకు మీ స్టవ్ మీద సిమ్. చిన్న కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. వేరే కంపెనీ స్టవ్ వాడేవాళ్ళు చెప్పిన నంబరు మీకు పనికిరాదు.

ఈ పరీక్షలో మీకు విచిత్రంగా అనిపించేది ఒకటుంది. చిన్న అంకెల దగ్గర నీళ్ళు కొన్ని సెకన్లు జోరుగా మరిగి, తర్వాత పూర్తిగా ఆగి, మళ్ళీ మరుగుతాయి. స్టవ్ చెడిపోలేదు. చౌక స్టవ్‌లు చాలామటుకు సన్నటి పవర్ నిలకడగా ఇవ్వలేవు. అందుకే పెద్ద పవర్‌నే కాసేపు ఇచ్చి కాసేపు ఆపి, సగటున తక్కువ అనిపిస్తాయి. మీ పాలు అడుగంటేది ఇక్కడే. అంకె 2 చూపిస్తున్నా, ఆన్ అయిన ఆ కొన్ని సెకన్లూ అడుగుకు గట్టి వేడి తగులుతుంది. పల్చటి గిన్నె అయితే ఆ దెబ్బ నేరుగా పాలకు చేరుతుంది. మందపాటి అడుగున్న గిన్నె ఆ ఎగుడుదిగుళ్ళను తనలో ఇముడ్చుకుని పాలకు సమంగా అందిస్తుంది. కాబట్టి పాలకు మందమైన గిన్నె, మధ్యలోపు అంకె, కదుపుతూ ఉండటం. చాక్లెట్ కరిగించడం, గుడ్డు కలిపిన సాస్ లాంటివి చేయాలంటే ఇలా ఆగి ఆగి పనిచేసే స్టవ్ మీద నేరుగా పెట్టకండి. కింద గిన్నెలో నీళ్ళు కాచి, పైన ఇంకో గిన్నె పెట్టుకోవడమే మేలు.

ఇక గిన్నెలు. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి తీసి అడుగున పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే పనిచేస్తుంది. వదులుగా పట్టుకుంటే స్టవ్ గుర్తించినా పవర్ సరిగా అందకపోవచ్చు. అసలు పట్టుకోకపోతే వదిలేయండి. అల్యూమినియం, రాగి, ఇత్తడి, మట్టి, గాజు ఈ లెక్కలో పోతాయి, వాటి అడుగున ఇనుప పలక అతికించి ఉంటే తప్ప. స్టీల్ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. నికెల్ కలిపిన 18/8, 18/10 రకం స్టీల్‌ను అయస్కాంతం సాధారణంగా పట్టదు. నికెల్ లేని 18/0 రకాన్ని పడుతుంది. మంచి కంపెనీల గిన్నెల్లో లోపల ఒక రకం, అడుగున ఇంకో రకం, మధ్యలో వేడి పాకడానికి అల్యూమినియం పొర ఉంటాయి.

అడుగు చదునుగా ఉందో లేదో కూడా చూడాలి. స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకు ఎత్తితే సందు తెలుస్తుంది. పల్చటి పెనాన్ని ఖాళీగా ఫుల్ పవర్‌లో పెట్టినా, కాలుతున్నదాన్ని చన్నీళ్ళ కింద పెట్టినా అడుగు ఉబ్బుతుంది. ఉబ్బిన పెనం గాజు మీద బొంగరంలా తిరుగుతుంది, నూనె అంచులకు పారిపోతుంది. అది చిరాకు మాత్రమే కాదు. స్టవ్‌లోని వేడి సెన్సర్ గాజు కింద ఉంటుంది. పెనం గాజుకు ఆనకపోతే దానికి అసలు వేడి తెలియదు.

అన్నట్టు, 180 డిగ్రీలు, 200 డిగ్రీలు అని చూపించే స్టవ్‌ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ సెన్సర్ కొలిచేది గాజు కింది వేడిని, మీ నూనెను కాదు. గిన్నె మందం, అడుగు చదును, నూనె ఎంత పోశారు అన్నదాన్ని బట్టి అసలు వేడి దానికి చాలా దూరంగా ఉండొచ్చు. ఎక్కువ నూనెలో వేయించేటప్పుడు ఆ అంకె మీద భారం వేసి పక్క గదిలోకి వెళ్ళకండి. అలాంటి వంటకు ఒక వంట థర్మామీటర్ కొనుక్కోండి. నూనె పొగ రావడం మొదలైతే వెంటనే ఆఫ్ చేయండి. నూనె అంటుకుంటే మూత పెట్టాలి, నీళ్ళు పోయకూడదు. మంట లేని స్టవ్ కదా, నూనె అంటుకోదులే అని చాలామంది అనుకుంటారు. బాగా కాగితే దానంతట అదే అంటుకుంటుంది, దానికి మంట అక్కర్లేదు.

గిన్నె మోగడానికి కారణం పొరలు పొరలుగా ఉన్న అడుగు. ఆ పొరలు, కొన్నిసార్లు రివెట్ వేసిన పిడి, అయస్కాంత క్షేత్రానికి సన్నగా అదురుతాయి. పవర్ పెంచితే పెరుగుతుంది, నీళ్ళు పోస్తే, గిన్నెను కాస్త జరిపితే తగ్గుతుంది. ప్రమాదం లేదు. బరువైన, ఒకే ముక్కలా ఉన్న గిన్నె తక్కువ మోగుతుంది. టిక్ టిక్ అనడం పవర్ ఆగి ఆగి రావడం. ఆఫ్ చేశాక కూడా వినిపించే చప్పుడు ఫ్యాన్‌ది. అది లోపలి ఎలక్ట్రానిక్స్‌ను చల్లబరుస్తోంది. అది ఆగేదాకా ప్లగ్ పీకకండి.

పోత ఇనుప పెనాలు నాకు ఇండక్షన్ మీద చాలా ఇష్టం, కానీ వాటికి ఓపిక కావాలి. ఇనుము వేడిని దాచుకుంటుంది గానీ పక్కలకు త్వరగా పంచదు. 2లోనో 3లోనో పెట్టి ఐదారు నిమిషాలు వదిలేస్తే సమంగా కాలుతుంది. మొదటే 8లో పెడితే మధ్యలో ఎర్రగా కాలి, అంచులు చల్లగా ఉంటాయి. ఎనామెల్ పూత ఉన్నదైతే పగిలే అవకాశం కూడా ఉంది. ఇలాంటి బరువైనవాటిని గాజు మీద ఈడ్చకండి, ఎత్తి పెట్టండి. గీతలు పడేది ఇక్కడే.

ప్రెషర్ కుక్కర్ విషయంలో ఒక్క మాట. ఆవిరి పట్టడం గ్యాస్ కన్నా చాలా త్వరగా అయిపోతుంది కాబట్టి, ఆన్ చేసినప్పటి నుంచి కాకుండా ఆవిరి పట్టినప్పటి నుంచి టైం లెక్కపెట్టండి. పట్టగానే బాగా తగ్గించేయండి. నీళ్ళు తక్కువగా ఉండి లోపల చిక్కగా ఉంటే మొదటి నుంచీ మధ్యస్థంగానే పెట్టాలి, లేకపోతే ఆవిరి వచ్చేలోపే అడుగు మాడుతుంది.

కొన్ని పనులు ఇండక్షన్ మీద కుదరవు, వాటితో కుస్తీ పట్టకండి. గుండ్రటి అడుగున్న బాణలి నిలవదు, నిలిచినా గాజుకు ఆనిన చిన్న చుక్క మేరకే వేడెక్కుతుంది. నేరుగా మంట మీద కాల్చే వంటలు లేవు, వాటికి ఓవెన్ గ్రిల్ చూసుకోవాలి. పెనాన్ని ఎత్తి ఎగరేసి కలిపే అలవాటుంటే, ఎత్తిన ప్రతిసారీ స్టవ్ కూతపెట్టి పవర్ ఆపుతుంది. కాసేపట్లో మళ్ళీ పెడితే చాలా స్టవ్‌లు అందుకుంటాయి. నేనైతే ఎగరేయడం మానేసి గరిటెతో కలపడానికి అలవాటు పడమంటాను.

పనిచేయని గిన్నెల కింద పెట్టడానికి ఇనుప పలకలు దొరుకుతాయి. మీరు కొనే ఆలోచనలో ఉంటే వద్దని చెబుతాను. పలక వేడెక్కి, ఆ వేడి గిన్నెకు చేరి… ఇండక్షన్ కొన్న లాభమంతా అక్కడే పోతుంది. పైగా పలక విపరీతంగా కాలుతుంది, ఆ వేడి తిరిగి గాజుకీ లోపలి భాగాలకీ తగులుతుంది.

శుభ్రం చేయడం ఇందులో సుఖం. గాజు కాస్త చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఎందుకంటే పొంగినది గాజు మీద గ్యాస్ పొయ్యి మీదలా మాడదు. ఒక్క పంచదార పాకం తప్ప. అది ఒలికి గాజు మీద గట్టిపడితే గాజు పెచ్చు లేచే ప్రమాదం ఉంది. స్టవ్ ఆపి, మెత్తగా ఉండగానే స్క్రేపర్‌తో, చెయ్యి కాలకుండా తీసేయాలి. ఆఫ్ చేశాక కొన్ని స్టవ్‌ల మీద కనిపించే ‘హెచ్’ అక్షరం గాజు ఇంకా వేడిగా ఉందని హెచ్చరిక, చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని పట్టించుకోవాలి. టచ్ బటన్ల మీద నీళ్ళు పొంగితే స్టవ్ దానంతట అదే ఆగిపోతుంది. తుడిస్తే మళ్ళీ పనిచేస్తుంది. చెంచాలు, మూతలు గాజు మీద వదలకండి.

ఇంట్లో ఎవరికైనా గుండెకు పేస్‌మేకర్ ఉంటే, ఆన్‌లో ఉన్న స్టవ్‌కూ ఛాతీకీ మధ్య కనీసం 60 సెంటీమీటర్ల దూరం ఉంచమని సాధారణంగా చెబుతారు. వాళ్ళ డాక్టరును ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.

కరెంటు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాల్సిందే. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్లు పెట్టే చిన్న సాకెట్లో, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకూడదు. ప్లగ్ ముట్టుకుంటే వేడిగా తగిలితే వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నాలుగు గిన్నెలు పెట్టుకునేలా నాలుగు వలయాలున్న పెద్ద స్టవ్‌లు 7 కిలోవాట్లు, కొన్నైతే అంతకన్నా ఎక్కువే లాగుతాయి, వాటికి విడిగా ఒక లైన్ వేయించాలి. పెద్ద స్టవ్‌లో బూస్ట్ (కాసేపు అదనపు పవర్ ఇచ్చే బటన్) నొక్కినప్పుడు పక్క వలయం నీరసపడితే కంగారు పడకండి, చాలా మోడళ్ళలో రెండూ ఒకే పవర్‌ను పంచుకుంటాయి.

గిన్నెలన్నీ ఒకేసారి మార్చేయాలా అని చివర్లో అడిగారు. అక్కర్లేదు. అయస్కాంత పరీక్షలో నెగ్గినవి ఉంచుకోండి. కొనేదల్లా ముందు ఒక్కటి: మీ స్టవ్ మీద బుడగల వలయం ఎంత ఉందో అంతకు కొద్దిగా పెద్దగా, అడుగు మందంగా చదునుగా ఉన్న, లోతు మధ్యస్థంగా ఉండే మూత గిన్నె. దుకాణానికి వెళ్ళేటప్పుడు అయస్కాంతమూ స్కేలూ జేబులో వేసుకెళ్ళండి. పెట్టె మీద ఇండక్షన్ గుర్తు ఉన్నా అడుగున ఇనుప పలక మధ్యలో చిన్నదిగా ఉండే గిన్నెలు కొన్ని ఉంటాయి, అయస్కాంతాన్ని అంచుల దాకా జరిపి చూస్తే అది బయటపడుతుంది.